ఇక్కడ లోకల్ ఎవరు?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్... సంఘాలు పెట్టుకుని బడులు కట్టుకున్న పేటలివి, సభలు నడుపుకున్న పేటలివి. ఈ గల్లీల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే మనుషుల పేర్లు మాత్రం ఏ సంఘం రిజిస్టరులోనూ ఉండవు.

2017 మే 15. ఇందిరాపార్కు పక్కన రోడ్డు మీద రెండు గుంపులు ఎదురుపడ్డాయి. ఒకవైపు ధర్నాచౌక్‌ను కాపాడుకుందామని వచ్చిన తెలంగాణ జేఏసీ, వామపక్షాలు, ఇతర ప్రతిపక్షాల కార్యకర్తలు. రెండోవైపు ‘మాకు ధర్నాచౌక్ వద్దు’ అంటూ ప్లకార్డులు పట్టుకున్న కాలనీవాసులు, పార్కులో పొద్దున్నే నడిచే వాకర్లు. ఆ ఏడాదే ప్రభుత్వం అక్కడ ధర్నాలు ఆపించి, కావాలంటే ఊరి చివర చేసుకోండని శివార్లలో చోట్లు చూపించింది. అందుకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది స్థానికుల ఇబ్బంది. ఆ రోజు మాటకు మాట పెరిగింది. కుర్చీలు, జెండా కర్రలు గాల్లోకి లేచాయి. తర్వాత టీవీల్లో కనిపించిన ఒక దృశ్యం మాత్రం కొట్లాటనే మరిపించింది. ‘స్థానికుల’ మధ్య ప్లకార్డు పట్టుకుని ఉన్నవాళ్లలో మఫ్టీలో వచ్చిన ఓ మహిళా పోలీసు అధికారి కూడా ఉన్నారు!

నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, కోర్టుకెళ్లినవాళ్లు కోర్టుకెళ్లారు. 2018లో హైకోర్టు జోక్యంతో ధర్నాచౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వరి కొనుగోళ్ల మీద కేంద్రాన్ని నిలదీస్తూ ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రులను వెంటబెట్టుకుని మహాధర్నాకు కూర్చున్నదీ అక్కడే. చౌక్‌ను మూసిన ప్రభుత్వానికే చివరికి చౌక్ కావాల్సి వచ్చింది. రాజకీయాల్లో ఇవి మామూలే కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం. వదిలేయడానికి వీల్లేని ప్రశ్న ఇంకొకటి మిగిలింది. ఈ పేట తరఫున మాట్లాడే హక్కు ఎవరిది?

కాలనీవాళ్ల కష్టం దొంగ కష్టం అనడానికి లేదు. ఏళ్ల తరబడి ఇంటి ముందు మైకులు. పరీక్షల రోజుల్లోనూ అవే మైకులు. బారికేడ్లు దాటి ఇంటికి పోవాలంటే ఆధార్ కార్డు చూపించాల్సిన రోజులు. వేలమంది వచ్చే చోట మరుగుదొడ్లు లేకపోతే చుట్టుపక్కల గోడల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ మాట మఫ్టీ పోలీసుల సాయం లేకుండానే చెప్పొచ్చు. చెప్పే గొంతులూ ఉన్నాయి. కాకపోతే అదే పేటలో, అవే గోడల వెనుక, అవే మైకుల మోత వింటూ పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఇంకొన్ని వేలమందిని ఏమంటారని ఆ రోజు ఎవరూ అడగలేదు. వాళ్లు హాస్టళ్లలో ఉండే పిల్లలు, అద్దె గదుల్లో ఉండేవాళ్లు. స్థానికుల లెక్కలో వాళ్లు లేరు.

మూడు నియోజకవర్గాల ముడి

నారాయణగూడ చౌరస్తాలో బయల్దేరి చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు, అక్కడ ఎడమకు తిరిగి అశోక్‌నగర్ మీదుగా ఇందిరాపార్కుకు తీరిగ్గా నడిచినా సాయంత్రం టీ చల్లారదు. ఇంత చిన్న చోట కూడా ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్ అసెంబ్లీ నియోజకవర్గాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. రోడ్డుకు ఈవల గుంత పడితే ఒక కార్పొరేటరు, ఆవల పడితే మరో కార్పొరేటరు. మనుషులు మాత్రం ఈ గీతలేవీ పట్టించుకోకుండా తిరుగుతుంటారు. పొద్దున వెంకటేశ్వరస్వామి గుడి, మార్కెట్‌లో కూరగాయలు, మధ్యాహ్నం కర్రీ పాయింట్, సాయంత్రం గానసభ, రాత్రి సెకండ్ షో.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మొదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మూడూ స్టేషన్లయ్యాయి, మెయిన్‌రోడ్డుకు పైకప్పు పడింది. 2023 ఆగస్టు 19న ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా రెండుంపావు కిలోమీటర్ల ఉక్కు వంతెన వచ్చింది. ఖర్చు 450 కోట్లు. దానికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీలో కార్మిక సంఘాన్ని నడిపి, తర్వాత హోంమంత్రి అయిన మనిషి ఆయన. ఒక సంఘం నాయకుడి పేరు వంతెనకు పెట్టడం బాగానే ఉంది. ఆ వంతెన మీద పోయేవాళ్లకు అశోక్‌నగర్ కనిపించదు, అదొక్కటే చిక్కు.

సంఘాలు కట్టిన పేట

ఈ పేటల కథ సర్కారు జీవోల్లో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం సంఘాల మినిట్స్ పుస్తకాల్లో ఉంది.

1921 నవంబరు. హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ జరుగుతోంది. అధ్యక్షుడు పుణె నుంచి వచ్చిన మహర్షి కర్వే. ఇంగ్లిషులో మాట్లాడినా, ఉర్దూలో మాట్లాడినా, మరాఠీలో మాట్లాడినా సభ విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల, ఈలలు. ఆ అవమానాన్ని భరించలేని కొద్దిమంది తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూడారు. ఆంధ్ర జన సంఘం అలా పుట్టింది. సుల్తాన్‌బజార్ కృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అప్పటికే రెండు దశాబ్దాల వయసున్న పఠనాలయం. తెలుగు చదివేవాళ్లు కూర్చునే చోటు ఒకటుంది, ఇప్పుడు నిలబడి మాట్లాడే చోటు కూడా కావాలనిపించింది.

నిలబడి మాట్లాడడం అంత తేలిక కాదు. ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టకూడదనే ‘గస్తీ నిషాన్ 53’ అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలో ప్రతి సంఘం నెత్తిమీదా వేలాడేది. సభ ఎక్కడ, ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అని అధికారులకు ముందే చెప్పుకోవాలి. నూరేళ్లు దాటింది. ఇందిరాపార్కు దగ్గర టెంటు వేయాలంటే పోలీసులకు ఇచ్చే దరఖాస్తులోనూ ఇంచుమించు ఇవే గళ్లుంటాయి. పోలిక ఇంతవరకే. నిజాం ఫర్మానా మీద అప్పీలుకు పోవడానికి అప్పుడు హైకోర్టు ఇలా ఉపయోగపడేది కాదు.

ఆ జన సంఘానికి కార్యదర్శిగా ఉండి దాన్ని నడిపించిన మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. నారాయణగూడలో ఇప్పుడు ఆయన పేరుతోనే ఉన్న బాలికల ఉన్నత పాఠశాల అదే. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో. తెలుగులో చెప్పే హైస్కూలుకు రాజధానిలో గుర్తింపు దొరకలేదు. గుర్తింపు ఇచ్చింది ఎక్కడో పుణెలో ఉన్న కర్వే మహిళా విశ్వవిద్యాలయం. తెలుగువాడి నోరు మూయించిన సభకు అధ్యక్షత వహించిన కర్వే స్థాపించిన సంస్థే తెలుగు ఆడపిల్లల చదువుకు ముద్ర వేసింది. నారాయణగూడ పిల్లల పరీక్షలకు పుణె నుంచి పట్టా! చరిత్ర ఇలాంటి ముడులు వేసి ఊరుకుంటుంది, విప్పుకునే పని మనది. హనుమంతరావు 1951లో హైదరాబాద్ నగరానికి తొలి మేయర్ అయ్యారు. సంఘం కార్యదర్శి కుర్చీ నుంచి మేయర్ కుర్చీకి ముప్పై ఏళ్ల నడక.

ఆ బడికి కొంచెం దూరంలో కేశవ్ మెమోరియల్ ఉంది. జస్టిస్ కేశవరావు కోరట్కర్ జ్ఞాపకంగా 1940లో పెట్టిన విద్యాసంస్థ. ఇంకాస్త పోతే రాజాబహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల, 1954 నాటిది. వెంకటరామారెడ్డి హైదరాబాద్ కొత్వాల్, ఈనాటి భాషలో పోలీస్ కమిషనర్. పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లలు తలదాచుకోవడానికి 1918లో రెడ్డి హాస్టల్ మొదలైనప్పుడు ముందు నిలబడింది ఆయనే. సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి ఆ హాస్టల్ కార్యదర్శిగా పనిచేశారు. పల్లె నుంచి వచ్చి పట్నంలో గది వెతుక్కునే కుర్రాడి గురించి ఆలోచించడం ఒకనాడు పెద్ద మనుషులు చేసే పని. ఈ మాట అశోక్‌నగర్ సంగతికి వచ్చినప్పుడు గుర్తుపెట్టుకోవాలి.

ఆ సంస్థల చుట్టూ గీసిన గీతలు కూడా గుర్తుపెట్టుకోవాలి. హాస్టల్‌కు కులం పేరు. గ్రంథాలయానికి భాష పేరు. సంఘం అంటే కొందర్ని లోపలికి పిలవడం, కొందర్ని గుమ్మం బయట ఆపేయడం. గుమ్మం బయట ఆగినవాళ్లు ఊరికే ఉండలేదు. భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టారు. 1910 ప్రాంతంలో ఇసామియా బజార్, లింగంపల్లి దగ్గర దళిత పిల్లలకు బడులు తెరిచారు. ఆ బడుల్లో చదువు తెలుగులో. తెలుగులో మాట్లాడినందుకు పెద్ద సభలో ఈలలు పడడానికి పదేళ్ల ముందే ఈ చుట్టుపక్కల వాడల్లో తెలుగు పలకలు పట్టుకున్న పిల్లలున్నారు. తెలుగు ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు ఆ మొదటి పంక్తిని చాలాసార్లు వదిలేస్తుంటాం.

శాలువాల సభ, అభిమానుల సంఘం

చిక్కడపల్లి అనగానే శాలువా గుర్తొచ్చేవాళ్లు ఈ నగరంలో చాలామంది. 1966లో మొదలైన త్యాగరాయ గానసభ ఇందుకు కారణం. పేరుకు సంగీత సభ. వేదిక మీద మాత్రం కూచిపూడి, నాటిక, ఘంటసాల పాటల రాత్రి, పుస్తకావిష్కరణ, రిటైర్డ్ హెడ్మాస్టరుకు సన్మానం, అన్నీ నడుస్తాయి. పెద్ద హాలు నిండదనుకుంటే కళా సుబ్బారావు కళావేదిక ఉండనే ఉంది. ఈ సన్మానాల మీద జోకులకు అంతు లేదు. వేదిక మీద పదిమంది, కింద తొమ్మిదిమంది, ఆ తొమ్మిదిమందీ తర్వాత సన్మానం జరగాల్సినవాళ్లు. నేనూ ఈ జోకు చెప్పినవాణ్నే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నగరంలో బంజారాహిల్స్ హోటళ్ల హాలు అద్దె కట్టలేని కవి, టీవీకి అక్కర్లేని గాయని, నాలుగో తరగతి నుంచి నాట్యం నేర్చుకున్న పిల్ల ఒక సాయంత్రం దీపాల వెలుగులో నిలబడగలిగే చోట్లు ఎన్ని మిగిలాయి? ఈ హాలులోకి రావడానికి టికెట్ అడగరు, ఏ కాలనీ అనీ అడగరు. సభ్యుడు కానివాడికి కూడా కుర్చీ వేసే సంఘం కాబట్టే అది ఇంతకాలం నిలిచింది.

నాలుగు అడుగులు వేస్తే ఇంకో రకం సంఘాలు. క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య, సప్తగిరి. హీరో ఎవరైనా సరే, ‘క్రాస్‌రోడ్స్‌లో ఎంత వసూలైంది’ అన్నది అభిమాన సంఘాలకు ఇప్పటికీ పరువు ప్రశ్న. కటౌట్లు, పాలాభిషేకాలు, తెల్లవారుజాము షోలు. వెనుక గల్లీల్లో ఉండేవాళ్లకు పెద్ద సినిమా విడుదలైన రోజు బండి బయటకు తీసే వీలుండదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తర్వాత అనుమతులు ఎవరిచ్చారు, బందోబస్తు ఎవరడిగారు అన్న చర్చ వారాలపాటు నడిచింది. ఆ చర్చలో హీరో ఉన్నాడు, పోలీసులున్నారు, అసెంబ్లీ కూడా ఉంది. ఆ రోడ్డు మీద రోజూ బతికేవాళ్లను పిలిచి అడిగినట్టు ఎక్కడా కనిపించలేదు.

కాలనీ సంఘం: అక్షరాలా ఇద్దరు ముగ్గురి పని

ఇక అసలు కాలనీ సంక్షేమ సంఘాల సంగతి. హైదరాబాద్‌లో ఏ గల్లీకి పోయినా మూడు రకాల సంఘాలుంటాయి. ఒకటి రిటైరైన పెద్దలు నడిపే వెల్ఫేర్ అసోసియేషన్. రెండోది వినాయక చవితికి చందా పుస్తకంతో గేటు దగ్గర నిలబడే యూత్ అసోసియేషన్. మూడోది అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం. మొదటిది ఉత్తరాలు రాస్తుంది, రెండోది మైకు పెడుతుంది, మూడోది ‘మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు’ లిఫ్టు పక్కన అంటిస్తుంది.

వెల్ఫేర్ అసోసియేషన్ కార్యదర్శి పదవిని మించిన కృతజ్ఞత లేని పదవి ఇంకోటి లేదు. పొద్దున్నే ఫోన్: నల్లా రాలేదు. పదింటికి: డ్రైనేజీ పొంగింది. సాయంత్రం: వీధి దీపం వెలగడం లేదు, కుక్కలు ఎక్కువయ్యాయి. కుక్క కరిస్తే టీకాకు ఎలాగూ నారాయణగూడ ఐపీఎంకే పోవాలి, దగ్గరే కదా అన్నది ఈ పేట జోకు. సర్వసభ్య సమావేశానికి కోరం ఉండదు. వచ్చిన ఆరుగురే మళ్లీ పదవులు పంచుకుంటారు. అయినా ఆ ఇద్దరు ముగ్గురు మొండివాళ్లు లేకపోతే వార్డు ఆఫీసులో ఫైలు కదలదు. జలమండలి లైన్‌మన్ ఫోన్ నంబరు, ఏఈ ఏ రోజు ఆఫీసులో ఉంటాడన్న సమాచారం, ముప్పై ఏళ్ల కిందటి లేఅవుట్ కాపీ, అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. పిల్లలు అమెరికా వెళ్లిపోయిన ఇంట్లో, ముందు గదిలో, ఒక ఇనుప బీరువాలో.

ఈ పేటలో ఆ బీరువాలు తెరిపించేది నాలా. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీళ్లు పోయే దారి దోమల్‌గూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో బేగంపేటలో 24 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువు నీళ్లు వదిలారు. నాలా పక్క బస్తీలు, అశోక్‌నగర్, దోమల్‌గూడ ఇళ్లు మునిగాయి. ఆ రాత్రి ఈ పేటలో మేడ ఉన్నవాడి ఇల్లే సంఘం ఆఫీసు. తర్వాత కిర్లోస్కర్ సంస్థ నాలాల మీద నివేదిక ఇచ్చింది, ఆక్రమణల లెక్క తేల్చింది, ఆ కాగితాలను ఇరవై ఏళ్లుగా ప్రతి వానాకాలం దుమ్ము దులిపి చదువుతున్నాం. 2020 అక్టోబరు వరదల తర్వాత గానీ నాలాకు రిటైనింగ్ గోడల పని ఊపందుకోలేదు. ఇన్నేళ్లూ నాలా గురించి అర్జీలు రాసింది, ఫొటోలు తీసి పంపింది పింఛన్‌దార్లే. మునిగింది మాత్రం ఎక్కువగా నాలా అంచున రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు. అర్జీ కింద వాళ్ల సంతకాలు ఉండవు. వాళ్లది ‘బస్తీ’, ఇది ‘కాలనీ’. గోడకు అటూ ఇటూ ఉన్న నీళ్లు ఒకటే అయినా లెటర్‌హెడ్‌లు వేరు.

ఐదడుగుల మంచం, రెండేళ్ల సిలబస్

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మొదలైనప్పుడు అవీ ఇళ్లే. ముందు గదిలో క్లాసు, వెనుక గదిలో కాపురం. సివిల్స్ తర్వాత గ్రూప్స్, గ్రూప్స్ తర్వాత ఎస్సై, కానిస్టేబుల్, టీచర్ పోస్టులు. రెండంతస్తుల ఇళ్లు ఐదంతస్తుల హాస్టళ్లయ్యాయి. గోడల నిండా ఫ్లెక్సీలు, ర్యాంకర్ల ఫొటోలు. జిరాక్స్ షాపులో మెటీరియల్ తూకం వేసి అమ్మినట్టు కట్టలు కట్టి అమ్ముతారు. గంటల లెక్కన కుర్చీ అద్దెకిచ్చే రీడింగ్ రూములు పుట్టాయి. మెస్‌లో నెలకార్డు, కర్రీ పాయింట్‌లో పప్పు ప్యాకెట్, రైస్ కుక్కర్‌లో అన్నం.

ఆదిలాబాద్ నుంచి వచ్చినా, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చినా టు-లెట్ బోర్డు దగ్గర ప్రశ్నలు ఒకటే. ఏ ఊరు? ఒక్కడివేనా? ఎన్నాళ్లుంటవ్? బ్యాచిలర్లకు ఇయ్యం. కొన్ని గుమ్మాల దగ్గర ఇంకో ప్రశ్న ఉంటుంది, దాన్ని నేరుగా అడగరు. ఇంటి పేరు అడుగుతారు, తిండి సంగతి అడుగుతారు. గది దొరికాక అతను ‘తమ్మీ’ అవుతాడు, ఓనరమ్మ ‘ఆంటీ’ అవుతుంది. పండక్కి గారెలు వస్తాయి. ఐదో తారీఖు దాటితే మాత్రం మోటారు ఆగుతుంది.

ఎన్నాళ్లుంటవ్ అన్న ప్రశ్నకు జవాబు అతని చేతిలో లేదు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో 503 పోస్టులతో వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. ఒకే ప్రిలిమ్స్‌ను మూడుసార్లు రాసిన మనిషిని ‘వచ్చిపోయేవాడు’ అనడం న్యాయమేనా? ఈ మధ్యకాలంలో ఈ పేటలో ఫ్లాట్ కొని, అమ్ముకుని పోయిన ఓనర్లున్నారు.

వీళ్లకు వాడకట్టు అంటూ ఉన్నది ఒక్కటే చోటు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. తలుపులు తెరిచేముందే వరుస. లోపల కుర్చీ దొరకకపోతే ఆవరణలో చెట్టు కింద, మెట్ల మీద. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు ఎవరి పచ్చడి ఎవరి అన్నంలో పడిందో లెక్క ఉండదు. ‘అన్నా, ఎకానమీ నోట్సు ఉందా’ అన్న మాటతో పరిచయం మొదలవుతుంది. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి నాన్న పోయినా ముందు తెలిసేది ఇక్కడే. చందాలు పోగయ్యేదీ ఇక్కడే. ఏ రిజిస్ట్రారు దగ్గరా నమోదు కాని సంఘం ఇది. సభ్యులు ప్రతి నోటిఫికేషన్‌కు మారిపోతుంటారు.

ఈ గ్రంథాలయం నడిచేది ఎవరి డబ్బుతో? మన చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ సొమ్మును కార్పొరేషన్ గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమచేయదన్న ఫిర్యాదు చాలా పాతది. ఆస్తిపన్ను కట్టేది ఇంటి ఓనరు కాబట్టి ‘మా పన్నులతో’ అని అనడం కాలనీ సమావేశాల్లో మామూలే. హాస్టల్‌లో ఒక గదికి నాలుగు మంచాలు వేసి, మంచానికింతని వసూలు చేసిన సొమ్ములోంచే ఆ పన్ను కడుతున్నప్పుడు 8 పైసల్లో ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చడం కష్టం. నా లెక్కలో పెద్ద వాటా మంచం మీద పడుకున్నవాడిదే.

వీళ్ల బలం నాయకులకు తెలియంది కాదు. 2023 నవంబరులో ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ వచ్చి ఇక్కడి నిరుద్యోగులతో కూర్చుని మాట్లాడారు. ప్రభుత్వం మారింది. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, రిజర్వేషన్ల మీద వచ్చిన జీవో 29ని ఎత్తేయాలని ఇదే అశోక్‌నగర్ రోడ్డెక్కింది. లాఠీలు, వ్యాన్లు, రాత్రిపూట హాస్టళ్ల దగ్గర పోలీసు బూట్ల చప్పుడు. కేంద్రమంత్రి బండి సంజయ్ వచ్చి వాళ్లతో నడిచారు. సుప్రీంకోర్టు ఆపడానికి ఒప్పుకోకపోవడంతో అక్టోబరు 21 నుంచి పరీక్షలు జరిగిపోయాయి. వాయిదా అడగడం సరైందా కాదా అన్న దాని మీద అభ్యర్థుల్లోనే రెండు మాటలుండేవి. ఆ వారం రోజులూ ఈ పేటలో ఏ వెల్ఫేర్ అసోసియేషనూ ఆ పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి, పోలీసులకూ వాళ్లకూ మధ్య నిలబడి మాట్లాడిందని మాత్రం వార్త రాలేదు. కొందరు ఓనర్లు గేట్లు తెరిచి లోపలికి లాక్కున్నారంటే అది వాళ్ల సొంత మంచితనం. దానికి తీర్మానం నంబరు లేదు.

ఏడుగురు చాలు

చట్టం ఏమంటుంది? 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెప్పేది ఓనర్ల సంఘం గురించి. కాలనీ సంఘాల బైలాస్‌లో సాధారణంగా సభ్యుడంటే ప్లాటో, ఇల్లో, ఫ్లాటో ఉన్నవాడు. వార్డు కమిటీలు, ఏరియా సభలు కాగితం మీద ఉన్నాయి. ఏరియా సభలో ఓటరు జాబితా లెక్క. హాస్టల్ పిల్లల ఓట్లన్నీ ఊళ్లోనే ఉంటాయి. ఎలక్షన్‌కు ముందురోజు ఎంజీబీఎస్, జేబీఎస్ బస్సుల కిటికీల్లోంచి ఎక్కేది వాళ్లే. 2020 గ్రేటర్ ఎన్నికల్లో పోలింగ్ సగం దాటలేదని నగరవాసుల్ని అందరం తిట్టాం. ఈ పేటలో ఉన్నవాళ్లలో ఓటు ఎక్కడుందో చూసుకుని తిట్టి ఉండాల్సింది.

ఇలాగే ఉండాలన్న రూలేమీ లేదు. జపాన్ నగరాల్లో ‘చొనైకై’ అనే వాడ సంఘాలున్నాయి. అక్కడ లెక్క ఇంటిది, ఇంటి పట్టాది కాదు. అద్దెకున్న కుటుంబం కూడా చందా కట్టి చేరొచ్చు. సంఘం నోటీసు ఒక అట్టకు క్లిప్పు పెట్టి ఇంటింటికీ తిరుగుతుంది, చూసినవాళ్లు గుర్తు పెట్టి పక్కింటికి అందిస్తారు. అక్కడా సమస్యలున్నాయి, కుర్రాళ్లు చేరడం మానేస్తున్నారు, ముసలివాళ్లే మిగులుతున్నారు. మన ఇబ్బంది దానికి తలకిందులు. మనకు కుర్రాళ్లు వేలల్లో ఉన్నారు, చేర్చుకునే కాలమ్ లేదు.

అంతమాత్రాన కాలనీ పెద్దలను తిట్టి లాభం లేదు. ఐదంతస్తుల హాస్టల్‌కు డ్రైనేజీ లైను పాత రెండంతస్తుల ఇంటిదే. డ్రైనేజీ పొంగితే వాళ్ల గుమ్మంలోకే వస్తుంది. పార్కింగ్ లేని బైకులు వాళ్ల గేటుకే అడ్డం. ఆ కోపం హాస్టల్ యజమాని మీద చూపించలేరు. చాలాసార్లు అతను సంఘంలో సభ్యుడు, కొన్నిసార్లు ఉపాధ్యక్షుడు. అందుకని కోపం మూడో అంతస్తు కుర్రాడి మీదికి మళ్లుతుంది. ఫైర్ ఎగ్జిట్ లేని మెట్లు, కిటికీ లేని గది, ఒక బాత్రూముకు పదహారుమంది అన్నవి ఆ కుర్రాడి సమస్యలూ, ఆ పక్కింటి పెద్దాయన సమస్యలూ కూడా. ఇద్దరూ ఒక అర్జీ మీద సంతకం పెడితే జీహెచ్ఎంసీలో ఎవరో ఒకరు చదవక తప్పదు. ఆ అర్జీ ఇంకా ఎవరూ రాయలేదు.

రాయాలంటే చట్టం అడ్డు రాదు. నిజాం కాలంలో 1350 ఫస్లీ, అంటే 1940–41 నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఈ పేటల్లో ఎన్నో సంఘాలు నమోదయ్యాయి. ఆ స్థానంలో వచ్చిన 2001 చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు ఉంటే చాలు. ఆస్తి ఉండాలని అందులో లేదు, ఓటు ఇక్కడే ఉండాలనీ లేదు. అశోక్‌నగర్‌లో రెండు గదులు కలిపితే ఏడుగురు దొరుకుతారు. పేరు పెట్టొచ్చు, బైలాస్ రాసుకోవచ్చు, పాలిటీ చదివినవాళ్లు కాబట్టి అవి బాగానే రాస్తారు కూడా. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయేముందు ఒక కాగితం మాత్రం జతచేయాలి. సంఘం ఆఫీసు అద్దె ఇంట్లో ఉంటే, ఆ చిరునామా వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం.